అమ్మతో పాటు నాన్నగారి కారు

2024 మే నెలలో మేం నాగపూర్ నుంచి విజయవాడ వెళ్లింది అమ్మని తెచ్చుకోవడానికి. నాన్నగారు పోయి అప్పటికి ఏడాది దాటింది. ఇంక ఒక్కతినీ ఉండలేనని అమ్మే ఫోన్ చేసింది. "వస్తాను గానీ, కారు కూడా రావాలి" అంది. కారంటే నాన్నగారు 2003లో కొన్న తెల్ల మారుతి 800. అమ్మకి నడపడం రాదు, నాకూ రాదు. మావారు ఒక్కరే రెండు బళ్లు నడపలేరు కదా! లారీ మీద వేయించాల్సిందే.

ఆ లారీల సంగతి నాకు దారిలోనే తెలిసింది. పెన్‌గంగ దాటి, ఆదిలాబాద్ కూడా దాటాక గుడిహత్నూర్ దగ్గర ధాబాలో టీకి ఆగాం. పక్కనే రెండంతస్తుల ట్రైలర్, పైనా కిందా కార్లు. పైకప్పు లేదు, పక్కలకి రేకులూ లేవు. కార్ల రంగులే తెలియనంత దుమ్ము! మావారు డ్రైవర్‌ని హిందీలో కదిపారు. పాపం, విసుక్కోకుండా చెప్పాడు. కింది అంతస్తులో పెడితే పై కారు ఆయిల్ కారొచ్చట. పైన పెడితే చెట్ల కొమ్మలు గీసుకుంటాయట. ముందు లారీ టైరు కింద నుంచి ఎగిరిన కంకర రాయి అద్దానికి తగిలితే ఎవరూ ఏమీ చేయలేరట. మూసిన కంటైనర్లో ఈ బెడదలు లేవు గానీ ఖర్చెక్కువ, పైగా అది నిండేదాకా కదలదు అన్నాడు. కంపెనీల నుంచి షోరూములకు వెళ్లే కొత్త కార్లు అలాంటి మూసిన బళ్లలో వెళ్లడం మీరూ హైవే మీద చూసే ఉంటారు.

విజయవాడలో ఆటోనగర్ వెళ్లి రెండు చోట్ల అడిగాం. తెరిచిన బండి మర్నాడే ఉందన్నారు. మూసినదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు చెప్పారు. నా ఓటు తెరిచినదానికే. ఇంటికొచ్చి, "ఇరవై ఏళ్ల కారు, ఒళ్లంతా గీతలే, ఇంకోటి పడితే ఏం మునిగిపోతుంది?" అనేశాను. అమ్మ ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం నన్ను వాకిట్లోకి పిలిచింది. ఎడమవైపు తలుపు మీద పొడుగాటి గీత చూపించింది. "నీకు నొప్పులొచ్చిన రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లే కంగారులో గేటుకి రాసేశారు. మళ్లీ రంగు వేయించనివ్వలేదు. దీని పక్కన ఇంకో గీత పడితే ఏది ఆయనదో నేనెలా చెప్పను?" అంది. ఆ గీత సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. మూసిన బండికే అడ్వాన్సు కట్టేశాం.

బండిని అమ్మ పేరుకి మార్పించడం, వేరే రాష్ట్రం తీసుకెళ్తున్నాం కనుక రవాణా ఆఫీసు నుంచి ఎన్‌.ఓ.సి. తెచ్చుకోవడం మా చిన్నాన్న కొడుకు ముందే చూసిపెట్టాడు. ఏడాది దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి మరి. ట్యాంకులో పావు వంతు కంటే పెట్రోలు ఉండకూడదన్నారు. మీటరు అంకెతో సహా నాలుగువైపులా ఫోటోలు తీసుకున్నాం. టోల్ గేట్ల దగ్గర డబ్బు కోసేయకుండా ఫాస్టాగ్ మీద వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్క అంటించమన్నాడు ఆఫీసు కుర్రాడు.

అసలు తంటా ఆవకాయతో వచ్చింది! అప్పుడే మూడో రోజు కలిపిన జాడీని అమ్మ డిక్కీలో పెట్టబోయింది. సామాన్లు పెట్టకూడదని ఆ కుర్రాడు ఒప్పుకోలేదు. మూసిన బండిలో ఆ వేడికి నూనె పొంగితే పక్క కార్ల వాళ్లు మనల్ని వదలరు. చివరికి జాడీ వాసెన కట్టుకుని మా కారులో నా కాళ్ల దగ్గర కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దాకా అమ్మ మాట్లాడలేదు. సోన్ దగ్గర గోదావరి వంతెన మీద రూపాయి బిళ్ల వేసి దణ్ణం పెట్టుకుంది. నిర్మల్‌లో ఆగి పొణికి చెక్కతో చేసిన పళ్ల బొమ్మలు కొన్నాం. సీతాఫలం బొమ్మని నిజమైనదనుకుని నొక్కి చూసి అమ్మ నవ్వింది. ఆ తర్వాత ఘాట్ ఎక్కుతుంటే ఎదురొచ్చే ప్రతి కంటైనర్‌నీ "మనది ఇలాంటిదేనా?" అని అడిగింది. వచ్చిన చిక్కల్లా అప్పటికి మాది ఇంకా ఆటోనగర్ దాటలేదు!

ఆ ధాబా డ్రైవర్ చెప్పినట్టే అయింది. నిండలేదని ఆరు రోజులు, ఇదిగో అదిగో అంటూ ఇంకో నాలుగు రోజులు. తెరిచిన బండైతే ఈపాటికి వచ్చేసేది కదా అని నేను లోలోపల సణుక్కున్నాను, పైకి అనలేదు.

కబురు రాగానే ముగ్గురం బుటీబోరీ వెళ్లాం. పెద్ద ట్రైలర్లు ఊళ్లోకి రావుగా. తలుపులు తెరిస్తే లోపల బ్యాటరీ పడుకుంది. నలుగురు కుర్రాళ్లు తోసి దింపారు. మావారు ఫోటోలు పట్టుకుని చుట్టూ తిరిగి సరిచూశారు. అమ్మ మాత్రం నేరుగా ముందు అద్దం దగ్గరకెళ్లింది. వైపర్ కింద మా వాకిట్లో రాలిన ఎండు వేపాకులు అలాగే ఉన్నాయి. తీయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత ఆ గీత ఉన్న తలుపు తీసుకుని, ఎప్పటిలాగే ముందు సీట్లో కూర్చుని, "అల్లుడుగారూ, స్టార్టవుతుందా?" అంది.