తోడు పెట్టే వేళ

టెక్సాస్‌లోని ఆస్టిన్. ఆగస్టు ఎండ మండిపోతోంది. గ్యారేజీలో పెద్ద స్టీలు గిన్నె నిండా 19 లీటర్ల వర్ట్. బార్లీ మాల్ట్ రసమన్నమాట. హాప్స్ పువ్వులు వేసి గంటసేపు మరిగించాడతను. 20 డిగ్రీలకు చల్లారితేగానీ ఈస్ట్ కలపకూడదు. మరీ వేడిగా ఉంటే ఈస్ట్ చచ్చిపోతుంది. వెచ్చగా ఉండగా కలిపితే బీరు రుచి చెడుతుంది. అలాగని వదిలేస్తే బ్యాక్టీరియా చేరుతుంది.

రాగి గొట్టం చుట్టను గిన్నెలో ముంచి, అందులోంచి కుళాయి నీళ్లు పోనిచ్చాడు. వేసవిలో ఆ నీళ్లే దాదాపు 30 డిగ్రీలు. అంతకన్నా ఎలా చల్లారుతుంది? కిందటిసారి మొదట్లోనే గిన్నె చుట్టూ ఐసు పోస్తే ఇట్టే కరిగిపోయింది. చివరికి అంతా పారబోశాడు.

తెనాలి నుంచి వచ్చిన అమ్మకి ఈ సంగతి చెప్పలేదు. తాగుడు వల్ల తమ్ముణ్ని పోగొట్టుకున్న మనిషి ఆవిడ.

''ఏమిట్రా ఇది, కషాయమా?'' గుమ్మంలో అమ్మ!

తలదించుకుని చెప్పాడు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

''అంటే తోడు పెట్టడమేగా! మరిగేదానికి ఐసెందుకురా, దండగ. ముందు కుళాయి నీళ్లతో వేడి దిగనీ. ఆ తర్వాత ఐసు.''

అలాగే చేశాడు. వేడి తగ్గాక, చిన్న పంపుతో ఐసు నీళ్లను అదే గొట్టంలో తిప్పాడు. కాసేపటికి థర్మామీటర్ 20 చూపించింది. ఈస్ట్ కలిపి మూతపెట్టాడు.

''ఎవరు తాగుతార్రా ఇంత?''

''స్నేహితులొస్తారమ్మా.''

''మరి నువ్వు?''

''ఒక్క గ్లాసు.''

''సరే, లెక్క నేను చూస్తాలే'' అంటూ లోపలికెళ్లింది, పాలు తోడు పెట్టడానికి.