ఆదివారం పరుగెత్తని మనిషి

1924 జూలై 6వ తేదీ, ఆదివారం. ప్యారిస్ నగర శివార్లలోని కొలొంబ్ క్రీడాంగణంలో ఒలింపిక్ నూరు మీటర్ల పరుగు పందెం తొలి విడత పోటీలు జరుగుతున్నాయి. అంతకు ముందటి ఏడే బ్రిటన్ జాతీయ పోటీలలో నూరు గజాలను 9.7 సెకండ్లలో పరుగెత్తి, ముప్ఫై అయిదేళ్ళు చెక్కుచెదరని బ్రిటిష్ రికార్డును నెలకొల్పిన ఇరవై రెండేళ్ళ యువకుడు మాత్రం ఆ బరిలో లేడు. అతని కాలు బెణకలేదు, జ్వరం రాలేదు. ఆ రోజును అతడు దైవారాధనకు విడిచిపెట్టాడు, అంతే. అతని పేరు ఎరిక్ లిడెల్.

1981లో వెలువడి నాలుగు ఆస్కార్ బహుమతులు పొందిన ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ చలనచిత్రం ఈ కథను లోకానికంతటికీ తెలియజేసింది. పందెం ఆదివారం జరుగుతుందన్న సంగతి, ఫ్రాన్సుకు పోయే ఓడ ఎక్కే సమయంలో కథానాయకుడికి తెలిసినట్లు అందులో చూపించారు. సినిమాకు అటువంటి మలుపులు అవసరం కావచ్చు. వాస్తవం వేరు. ఏ పందెం ఏ రోజున జరుగుతుందో కొన్ని నెలల ముందే తెలుసు. లిడెల్ నిర్ణయమూ అప్పుడే జరిగిపోయింది. నూరు మీటర్ల పందెంతో పాటు రెండు రిలే పందాలను కూడా అతడు అదే కారణంతో వదులుకున్నాడు. నిజానికి సినిమా కథ కన్నా ఈ వాస్తవమే గొప్పది. ఉద్వేగంలో ‘కాదు’ అన్న మాట ఎవరి నోటనైనా రావచ్చు. చుట్టూ ఉన్నవారు బతిమాలుతూ ఉండగా, నెలల తరబడి, కోపం తెచ్చుకోకుండా అదే మాట మీద నిలబడడం కష్టం.

ఆనాటి స్కాట్లండులోని నిష్ఠాపరులైన క్రైస్తవ కుటుంబాలలో ఆదివారమంటే సెలవు దినం కాదు, ప్రభువు దినం. ఆనాడు ఆటలు, వ్యాపారాలు, వినోదాలు కూడవు. ఏకాదశినాడు పచ్చి గంగ ముట్టని ముత్తవ్వలను చూసిన మన పాఠకులకు ఈ నిష్ఠ ఎటువంటిదో విడమరిచి చెప్పనక్కరలేదు. వాదనకు లొంగే వ్యవహారం కాదది. అందులో ఒక చిక్కు కూడా ఉంది. నియమాన్ని పాటించేవాడు తాను నియమాన్ని పాటిస్తున్నాడో, నియమం వెనుక ఉన్నదానిని పాటిస్తున్నాడో ఒక్కొక్కప్పుడు తనకే తెలియదు. లిడెల్ విషయంలో ఆ ప్రశ్నకు సమాధానం ప్యారిస్‌లో దొరకలేదు. మరి ఇరవై ఏళ్ళకు, మరొక ఖండంలో, ముళ్ళకంచెల మధ్య దొరికింది.

అతడు పుట్టింది చైనాలో, 1902 జనవరి 16న, టియన్‌ట్సిన్ నగరంలో. తల్లిదండ్రులు లండన్ మిషనరీ సొసైటీ తరఫున అక్కడికి వెళ్ళిన స్కాట్లండు వాసులు. మిషనరీల పిల్లల కోసం లండన్ దగ్గర నడిచే పాఠశాలలో అన్న రాబ్‌తో పాటు చదివి, 1920లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రం చదవడానికి చేరాడు. రగ్బీలో స్కాట్లండు జట్టుకు ఏడుసార్లు ఆడాడు. టామ్ మెకెర్చర్ అనే శిక్షకుడి చేతిలో పడ్డాక పరుగే ప్రధానమైంది. పరుగు తీరు మాత్రం ఏ శిక్షకుడూ మెచ్చుకునేది కాదు. తల వెనక్కు వాలిపోయేది, నోరు తెరుచుకునేది, చేతులు గాలిమర రెక్కల్లా కొట్టుకునేవి. 1923 జూలైలో స్టోక్ నగరంలో జరిగిన 440 గజాల పందెంలో మొదట్లోనే ఎవరో తగిలి కింద పడ్డాడు. లేచేసరికి మిగిలినవారు ఇరవై గజాల ముందున్నారు. తల వెనక్కు వాల్చి పరుగు తీసి, అందరినీ దాటి, గమ్యం దగ్గర స్పృహ తప్పినంత పని చేసి పడిపోయాడు. గెలిచాడు.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో, ఆర్మడేల్ అనే గనికార్మికుల పట్టణంలో, అతడు తొలిసారి వేదికనెక్కి తన విశ్వాసం గురించి నలుగురి ముందు మాట్లాడాడు. డి.పి. థామ్సన్ అనే సువార్త ప్రచారకుడు పిలిస్తే వెళ్ళాడు. స్వతహాగా సిగ్గరి, వాగ్ధాటి లేనివాడు. కాని మతబోధకులంటే ముఖం తిప్పుకునే కార్మికులు, రగ్బీ ఆటగాడు చెబితే వింటారని థామ్సన్ ఊహించాడు. అతని ఊహ తప్పలేదు.

నూరు మీటర్లు పోగా మిగిలినవి రెండు వందలు, నాలుగు వందల మీటర్ల పందాలు. మెకెర్చర్ తన శిష్యుణ్ణి ఆ నెలలన్నీ వాటికే సిద్ధం చేశాడు. జూలై 9న రెండు వందల మీటర్లలో కాంస్య పతకం వచ్చింది. 11న నాలుగు వందల మీటర్ల తుది పోటీ. ఆ ఉదయం జట్టుకు మర్దన చేసే వ్యక్తి ఒకరు అతని చేతిలో ఒక చీటీ పెట్టాడు. తనను ఘనపరచేవారిని తానూ ఘనపరుస్తానని దేవుడు పలికినట్లు సమూయేలు మొదటి గ్రంథంలో ఉన్న మాటను గుర్తుచేసే చీటీ అది. లిడెల్‌కు వచ్చింది అన్నిటికన్నా బయటి వరుస. అక్కడి నుంచి పరుగెత్తేవాడికి తక్కినవారు కనబడరు. అతడు మొదటి సగాన్నే రెండు వందల మీటర్ల పందెంలా పరుగెత్తేశాడు. రెండో సగంలో కుప్పకూలుతాడని తెలిసినవారందరూ అనుకున్నారు. కూలలేదు. 47.6 సెకండ్లు, ఒలింపిక్ రికార్డు. రెండవవాడు, అమెరికాకు చెందిన హొరేషియో ఫిచ్, బాగా వెనకబడ్డాడు.

ఆ ఒలింపిక్స్‌లో భారత జట్టు కూడా పాల్గొన్నది. దానికి మేనేజరుగా వెళ్ళినవాడు హ్యారీ క్రో బక్ అనే అమెరికన్. మద్రాసులో 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించినవాడు ఇతడే. క్రీడను క్రైస్తవ సేవగా భావించిన ఒక శిక్షకుల పరంపర అప్పటికే ఉంది. వేదాంత పట్టభద్రుడైన జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డులోని వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాలలో బాస్కెట్‌బాల్ ఆటను కల్పించాడు. మతబోధకుడు కావాలని యేల్‌లో చదివిన అమోస్ అలోంజో స్టాగ్, ఉపన్యాసం తనకు చేతకాదని గ్రహించి, ఆటస్థలమే తన వేదిక అనుకుని 1892 నుంచి నలభై ఏళ్ళు షికాగో విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ నేర్పాడు. బక్ ఆ స్ప్రింగ్‌ఫీల్డు బడిలోనే తయారైనవాడు. దేహం, బుద్ధి, ఆత్మ మూడూ కలిసి ఎదగాలన్నది వారి సూత్రం. ఆనాటి మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల ఉన్నత పాఠశాలల్లో ఈల పట్టుకుని పిల్లలను వరుసల్లో నిలబెట్టిన డ్రిల్లు మాస్టార్లలో ఎందరో బక్ కళాశాలలో శిక్షణ పొందినవారే. వారిలో క్రైస్తవేతరులే అనేకులు. ఆ బోధనలో మతం పేరు వినబడకపోయినా, పిల్లవాడి ఆటను పాఠంతో సమానంగా చూడాలన్న పట్టుదల మాత్రం అక్కడి నుంచి వచ్చిందే.

లిడెల్‌కు ఇటువంటి సిద్ధాంతాలేవీ పెద్దగా ఉన్నట్లు తోచదు. పతకం గెలిచిన సంవత్సరమే పట్టం పుచ్చుకున్నాడు. మరుసటి ఏడు, 1925లో, ఇరవై మూడేళ్ళ వయసులో, ఇంకా వేగం పెరుగుతూ ఉన్న కాళ్ళతో చైనాకు ఓడ ఎక్కాడు. టియన్‌ట్సిన్‌లోని ఆంగ్లో-చైనీస్ కళాశాలలో విజ్ఞానశాస్త్రం బోధిస్తూ, ఆటలు ఆడిస్తూ పన్నెండేళ్ళకు పైగా గడిపాడు. ఒక ఆదివారపు పందెం మానినందుకు లోకం అతణ్ణి వందేళ్ళుగా కొనియాడుతున్నది. మొత్తం క్రీడాజీవితాన్నే విడిచిపెట్టి వెళ్ళిన సంగతిని మాత్రం ఒక వాక్యంలో దాటవేస్తున్నది. రెండింటిలో ఏది పెద్ద త్యాగమో లెక్క వేయడం కష్టమేమీ కాదు.

1934లో కెనడా మిషనరీల కుమార్తె ఫ్లోరెన్స్ మెకెంజీని పెళ్ళాడాడు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. 1937 చివర జపాను దండయాత్ర మధ్యలో, తన అన్న వైద్యుడుగా ఉన్న షియావ్‌చాంగ్ పల్లె ప్రాంతానికి మారాడు. పరిస్థితులు విషమించడంతో 1941లో, గర్భవతిగా ఉన్న భార్యను, ఇద్దరు పిల్లలను కెనడాకు పంపించి తాను ఆగిపోయాడు. ఆ సెప్టెంబరులో పుట్టిన మూడవ కూతురు మోరీన్‌ను అతడు చూడనేలేదు. ఇక్కడ విశ్వాసం ఖరీదును అతనొక్కడే చెల్లించలేదని ఒప్పుకోక తప్పదు. భార్య చెల్లించింది, ఆ పసిపిల్లలు చెల్లించారు. అతణ్ణి మహాత్ముడుగా చిత్రించే పుస్తకాలు ఈ లెక్కను తరచు మరిచిపోతాయి.

1943 మార్చిలో జపాను సైనికాధికారులు అతణ్ణి షాంటుంగ్ రాష్ట్రంలోని వైషియన్ నిర్బంధ శిబిరానికి తరలించారు. పూర్వం అమెరికన్ మిషన్‌కు చెందిన ఆవరణ అది. ఇరుకు గదులు, ముళ్ళకంచె, కావలి బురుజులు. పదిహేను వందలకు పైగా జనం. వ్యాపారులు, మతబోధకులు, సంగీతగాళ్ళు, తాగుబోతులు అందరూ ఒకే వంటశాల ముందు వరుసలో నిలబడవలసిందే. ఆ సెప్టెంబరులో చీఫూ పాఠశాల పిల్లలను కూడా అక్కడికే తెచ్చారు. తల్లిదండ్రులు ఎక్కడో చైనా లోపలి జిల్లాలలో ఉండిపోగా ఏళ్ళ తరబడి వారికి దూరమైన మిషనరీ పిల్లలు వారు. ఆ పిల్లలకు లిడెల్ ‘ఎరిక్ మామయ్య’ అయ్యాడు. పుస్తకాలు లేని చోట రసాయనశాస్త్ర పాఠ్యపుస్తకాన్ని, పరికరాల బొమ్మలతో సహా, చేత్తో రాసి ఇచ్చాడు. విరిగిన హాకీ కర్రలకు దుప్పటి పీలికలతో కట్లు కట్టేవాడు. ఇంకా చీకటి ఉండగానే లేచి, వేరుశనగ నూనె దీపం ముందు బైబిలు చదువుకుని ప్రార్థన చేసుకునేవాడు. తర్వాత రోజంతా ఇతరులదే.

ఆటలకు అతడే పెద్ద. అందుచేత ఆదివారం ఆటలు ఉండేవి కావు. ఎదిగే వయసు పిల్లలకు అది సహించరానిదైంది. ఒక ఆదివారం వాళ్ళు పెద్దల మాట కాదని తమంతట తామే హాకీ ఆట మొదలుపెట్టారు. న్యాయనిర్ణేత లేడు. ఆట కాస్తా కొట్లాటగా ముగిసింది. వచ్చే ఆదివారం పిల్లలు మళ్ళీ మైదానంలోకి వచ్చేసరికి, ఈల పట్టుకుని లిడెల్ నిలబడి ఉన్నాడు.

ఒలింపిక్ స్వర్ణ పతకం కోసం, దేశ ప్రతిష్ఠ కోసం సడలించని నియమాన్ని, ఎవరికీ పట్టని పిల్లల ఆట కోసం సడలించాడు. వివరణ ఇవ్వలేదు, ఉపన్యాసం చెప్పలేదు. ప్యారిస్‌లో ఆదివారం పరుగెత్తితే వచ్చే ఫలం తనకు. వైషియన్‌లో మైదానానికి రాకపోతే నష్టం పిల్లలకు. రెండు సందర్భాల్లోనూ తనకంటూ ఏమీ మిగుల్చుకోలేదు గనుక, నియమం మారినా మనిషి మారినట్లు కనిపించదు.

అందరికీ కథ ఇలా కుదరదు. బ్రిటన్‌కే చెందిన ట్రిపుల్ జంప్ వీరుడు జొనాథన్ ఎడ్వర్డ్స్, మతాచార్యుడి కొడుకు, పోటీ ఆదివారం పడినందువల్ల 1991 టోక్యో ప్రపంచ పోటీలను వదులుకున్నాడు. ఎంతో ఆలోచించి 1993లో, తనకు దేవుడిచ్చిన శక్తిని ఆదివారం కూడా వినియోగించడంలో తప్పులేదని నిశ్చయించుకున్నాడు. 1995లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 18.29 మీటర్లు దూకాడు. 2000లో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. క్రీడల నుంచి విరమించుకున్నాక, 2007లో, తనకు దేవునిపై విశ్వాసం పోయిందని బాహాటంగా చెప్పాడు. వెనక్కు తిరిగి చూస్తే, ఆ విశ్వాసం తన మనసుకు స్థైర్యాన్నిచ్చి గెలుపుకు తోడ్పడిందని కూడా అతనే గుర్తించాడు. నియమం సడలించినందుకే నమ్మకం పోయిందని తేల్చేవారుంటారు. అది తొందరపాటు. నియమం సడలించాక పదేళ్ళకు పైగా అతని విశ్వాసం నిలిచే ఉంది. పందాలు అయిపోయిన తర్వాత దేవుడితో ఏం పని మిగులుతుందన్నదే క్రీడాకారుడికి ఎదురయ్యే ప్రశ్న. ఎడ్వర్డ్స్ దానికి నిజాయితీగా జవాబు చెప్పాడు. ఆ నిజాయితీనీ గౌరవించవలసిందే.

1944 చివరికి లిడెల్‌ను తలనొప్పులు బాధించసాగాయి. మానసిక అలసట అని వైద్యులు భావించారు. నిజానికి అది మెదడులో కంతి. 1945 ఫిబ్రవరి 21న, భార్యకు ఒక చిన్న ఉత్తరం పంపిన రోజునే, శిబిరపు ఆసుపత్రిలో మరణించాడు. నలభై మూడేళ్ళు. ఆ వార్త కెనడాకు మే నెలలో చేరింది. శిబిరానికి ఆగస్టు 17న విముక్తి లభించింది.

చనిపోవడానికి మూడు వారాల ముందు అతడు స్టీఫెన్ మెట్‌కాఫ్ అనే కుర్రవాడికి తన పరుగు బూట్లు ఇచ్చాడు. పాతబడి చిరిగితే దారంతో కుట్టి బాగుచేసినవి. చలికాలం, కుర్రవాడి కాళ్ళకు వేరే చెప్పులు లేవు. అంతకు ముందు ఒక రోజు, శత్రువులను ప్రేమించమన్న క్రీస్తు బోధ ఆచరణ సాధ్యమా అన్న చర్చ వచ్చినప్పుడు, కావలి సైనికుల కోసం ప్రార్థన చేసి చూడమని లిడెల్ ఆ పిల్లలకు చెప్పాడు. మెట్‌కాఫ్ ఆ బూట్లతోనే లిడెల్ శవపేటికను మోసినవారిలో ఒకడుగా మంచులో నడిచాడు. 1952లో మిషనరీగా బయలుదేరి జపాను చేరి, అక్కడే దశాబ్దాలపాటు ఉండిపోయాడు.