కూడు తిననప్పుడు సూదెందుకు?

"కూడు తిననప్పుడు సూదెందుకు సార్?" ప్రొద్దుటూరు వాళ్లడిగినా, పులివెందుల వాళ్లడిగినా ప్రశ్న ఇదే. పైగా అందులో లెక్క ఉంది. తింటే చక్కెర పెరుగుతుంది, అందుకు సూది. తినకపోతే పెరగదు, సూది దండగ. ఆ లెక్క తప్పని ఒప్పించేసరికి నా గొంతు ఎండిపోతుంది. అదే లెక్క మనిషిని పడగొట్టడానికి ఒకటి రెండు రోజులు చాలు.

జమ్మలమడుగు పక్క పల్లె నుంచి ఇంటర్ చదివే పిల్లను ఆటోలో తెచ్చారు. చిన్నప్పుడే క్లోమం ఇన్సులిన్ చేయడం మానేసిన రకం షుగరు. జ్వరం, వాంతులు మొదలవగానే అవ్వ సూది ఆపించింది. "మెతుకు ముట్టలేదు నాయనా. వట్టి కడుపు మీద సూదెట్ల పొడిచేది?" ఊళ్లో ఆర్‌ఎంపీ నీరసానికని గ్లూకోజు సీసా ఎక్కించాడు. కడుపునొప్పి అంటోంది కాబట్టి అపెండిక్స్ కావచ్చని ఇంకొకరు తేల్చారు. మా దగ్గరికి వచ్చేసరికి పిల్ల రొప్పుతోంది, నోటి నుంచి మాగిన పండు వాసన. చక్కెర మిషను అంకె చూపించలేక "హై" అని ఊరుకుంది.

మనం తినకపోయినా కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతూనే ఉంటుంది, జ్వరమొస్తే ఇంకా ఎక్కువ. ఇన్సులిన్ లేకపోతే ఆ చక్కెర ఒంటికి పట్టదు. ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది, అందులోంచి పుట్టే కీటోన్లు రక్తాన్ని పులియబెడతాయి. ఇన్సులిన్ లేని కాలంలో, 1910ల్లో, అలెన్ అనే అమెరికా డాక్టరు ఇలాంటి రోగులను పస్తులు పెట్టి కొన్నాళ్లు ఆయుష్షు పొడిగించేవాడు. 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఇన్సులిన్ ఇచ్చాక ఆ పస్తులు ముగిశాయి. పాపం, అలెన్ దగ్గర సూది లేదు. ఈ పిల్ల అవ్వ దగ్గర ఉంది, ఫ్రిజ్ తలుపులో.

సెలైన్, ఇన్సులిన్, పొటాషియం. నేను రాసింది నాలుగు వరుసలు. రాత్రంతా చేసింది సిస్టరమ్మ. గంటగంటకూ వేలు పొడిచింది, మూత్రం కొలిచి రాసింది, పొటాషియం రిపోర్టు కోసం ల్యాబు వాళ్లను నిద్ర లేపింది. తెల్లవారుజామున చక్కెర దిగొచ్చాక గ్లూకోజు సెలైన్‌కు మార్చింది, ఇన్సులిన్ మాత్రం ఆపలేదు. అవ్వకు అనుమానమొచ్చింది: "తగ్గిందంటివి గదమ్మా, మళ్లా గ్లూకోజెందుకు, మళ్లా సూదెందుకు?" కీటోన్లు పోయేదాకా రెండూ కావాలని ఆమె కూర్చోబెట్టి చెప్పింది. నేనైతే అరిచేవాణ్ణి.

ఇంటికి పంపేటప్పుడు కూడా ఆమే చెప్పింది. ఒంట్లో బాగాలేని రోజు రాత్రీపగలూ పనిచేసే సూది మానొద్దు, అన్నం ముందు వేసేది ఎంతో మమ్మల్ని అడుగు, నాలుగు గంటలకోసారి వేలు పొడువు, గంజో మజ్జిగో తాగుతూ ఉండు, వాంతులు ఆగకపోతే ఆటో ఎక్కు.

పులివెందుల దగ్గరి చీనీ తోట ఆసామి సూది మానలేదు. మే నెలంతా మందు సీసాను మోటార్‌సైకిల్ డబ్బాలో పెట్టుకుని తిరిగాడు, అంతే! ఆ ఎండకు మందు చచ్చింది. "ఫారిన్ మందు గూడా పనిజేయలేదు సార్" అని నాకే ఫిర్యాదు. ఫ్రిజ్ లేకపోతే నీడన తడి ఇసుకలో మట్టికుండ, ఆ కుండలో తడి తగలకుండా సీసా. ఈ వైద్యానికి డిగ్రీ అక్కర్లేదు.

ప్రొద్దుటూరు బంగారు పనివాడి సంగతి జమ్మలమడుగు పిల్లకు తలకిందులు. ఏళ్ల తరబడి తాగి క్లోమంలో రాళ్లు కట్టించుకున్నాడు. ఇన్సులిన్‌తో పాటు, చక్కెర పడిపోతే పైకి లేపే గ్లూకగాన్ కూడా అతనికి కరువే. తిండి అరగడానికి ఇచ్చిన ఎంజైము గుళికలు ముద్దతో పాటు మింగాలి. అతను ఖరీదెక్కువని నొప్పి వచ్చినరోజే మింగుతాడు. తాగి, తినకుండా, పూర్తి మోతాదు సూది వేసుకుని పడుకుంటాడు. చెమటలు పట్టి, తెలివి తప్పితే భార్య ఎత్తుకొస్తుంది. సూది మానొద్దని ఒకరిని, తిననిదే అంత వేసుకోవద్దని ఇంకొకరిని తిడుతుంటే నాకే నవ్వొస్తుంది.

అతన్ని మార్చడం మా వల్ల కాలేదు. సిస్టరమ్మ భార్యను పట్టుకుంది. ఆమెకు చదువు రాదు. నలభై యూనిట్ల సీసాకు ఎర్రమూత సిరంజే, వేరేది వద్దు అని రంగుతో నేర్పింది. చక్కెర డెబ్బై కంటే కిందికి పడితే, తెలివి ఉన్నప్పుడే మూడు చెంచాల చక్కెర నీళ్లు, పావుగంటకు మళ్లీ పరీక్ష, తర్వాత సంగటి ముద్ద. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, నేరుగా ఆసుపత్రికి.

మొన్న చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఎట్లా నడుస్తోందని భార్యను అడిగాను.

"తాగొచ్చిన రేత్రి ముందు వేలు పొడుస్తా సార్" అంది. "తిట్టేది ఆ తర్వాతే."