ఒక అంగుళం లేపు, ఆగు

కారు ఇంజిన్ ఇంట్లోనే దించొచ్చా అని ఎవరైనా అడిగితే దించొచ్చనే చెబుతాను. కాకపోతే మూడు కావాలి. కాస్త నీడ, బోలెడన్ని ఖాళీ డబ్బాలు, పక్కన కూర్చుని 'తొందరేముంది' అనే మనిషి ఒకరు. మొదటి రెండూ ఎవరింట్లోనైనా దొరుకుతాయి. మూడోది మాకు నాన్న రూపంలో ఉంది.

నాన్న ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై నాలుగేళ్లు మెకానిక్. 2006లో రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత తీసి 1999 మోడల్ మారుతి 800 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. "ఇన్నాళ్లూ నేను బస్సులకి సేవ చేశాను, ఇక ఇది నాకు చేస్తుంది" అన్నాడు అమ్మతో. తర్వాత జరిగింది ఏమిటంటే దానికీ ఆయనే సేవ చేశాడు. పద్దెనిమిదేళ్లలో ఆ కారు షెడ్డు మొహం చూసింది రెండు మూడుసార్లే.

2024 వచ్చేసరికి దాని వయసు పాతికేళ్లు. పదిహేనేళ్లు దాటిన కారుకి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి కదా, ఆ ఏడాది మళ్లీ గడువు వచ్చింది. ఒకప్పుడు రూ.600 ఉన్న ఫీజు 2022లో రూ.5,000 అయింది, అప్పటికి అంతే ఉంది. అదైనా కట్టొచ్చు, పొగ సంగతేంటి? స్టార్ట్ చేస్తే చాలు వెనక నీలంగా పొగ. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువ కాలుతోందని, తెల్లగా ఆగకుండా వస్తుంటే నీళ్లు లోపలికి దిగుతున్నాయని, నీలమైతే ఇంజిన్ ఆయిలు కాలుతోందని నాన్న చిన్నప్పుడే చెప్పేవాడు. రింగులు అరిగిపోయాయి. ఆ పొగతో ఫిట్‌నెస్‌కి వెళ్తే గేటు దగ్గరే తిప్పి పంపిస్తారు.

హైదరాబాద్ నుంచి తమ్ముడు ఫోన్‌లో లెక్క చెప్పాడు. "ఫీజు ఐదు వేలు, ఇంజిన్ పని షెడ్డులో అయితే ముప్పై ఐదు వేలు. అమ్మితే అందులో సగం కూడా రాదక్కా. స్క్రాప్‌కి ఇచ్చేద్దాం." నేను లెక్కల టీచర్ని. ఆ లెక్కలో తప్పు నాకూ కనబడలేదు.

కానీ ఆ లెక్కలోకి రానిది ఒకటుంది. నాన్నకి మూడేళ్ల కిందట పార్కిన్సన్స్ అన్నారు. కుడి చెయ్యి వణుకుతుంది. కారు నడపడం తనంతట తనే మానేశాడు. తర్వాత తెలిసినవాళ్లు ఇంటికొస్తే ఆ చేతి మీద తువ్వాలు కప్పుకోవడం మొదలుపెట్టాడు. రోజుకోసారి మాత్రం వరండా దిగి వెళ్లి, కారు బానెట్ ఎత్తి, ఆయిలు చూసి వచ్చేవాడు. ఇంట్లో ఆయన చూసుకోవడానికి మిగిలింది అదొక్కటే. దాన్ని తూకానికి అమ్మేస్తే ఆ నాలుగడుగులు కూడా వేయడని నా భయం.

వేసవి సెలవులకి తెనాలి వెళ్లినప్పుడు అడిగేశాను. "ఇంజిన్ మనమే దించుదాం నాన్నా. నువ్వు చెప్పు, నేను విప్పుతాను."

నావైపు చాలాసేపు చూశాడు. "నట్టు ఎటు తిప్పితే ఊడుతుందో తెలుసా నీకు?"

తెలియదు. చిన్నప్పుడు ఆదివారాలు తమ్ముణ్ని గ్యారేజీకి తీసుకెళ్లేవాడు. నేనూ వస్తానంటే "ఆడపిల్లకి ఆ గ్రీజెందుకు" అనేవాడు. ఇంట్లో స్కూటర్ విప్పితే టార్చిలైటు పట్టుకోవడం వరకే నా పని. ఆ సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది. ఇద్దరం ఎత్తలేదు.

"రేపు పొద్దున మాత్ర వేసుకున్నాక మొదలెడదాం" అన్నాడు.

అరిగిన సిలిండర్లు బోరింగ్ చేయించాలంటే బ్లాకు లేత్ షాపుకి వెళ్లాలి, అంటే ఇంజిన్ మొత్తం బయటికి రావాల్సిందే. నాన్న జీవితమంతా దించినవి బస్సు ఇంజిన్లు. బస్సులో ఇంజిన్ ఒకచోట, దాని వెనక గేర్‌బాక్సు, అక్కణ్నుంచి బండి కింద పొడుగ్గా షాఫ్టు, చివర వెనక చక్రాలు. మారుతి అలా కాదు. ముందు చక్రాలే బండిని లాగుతాయి కాబట్టి ఇంజిన్, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ అన్నీ బానెట్ కిందే అడ్డంగా పేర్చి ఉంటాయి. "బస్సు మండువా ఇల్లమ్మా. ఎవరి గది వాళ్లది. ఇది సింగిల్ బెడ్రూమ్ ఫ్లాటు. వంటింట్లో గరిటె తియ్యాలంటే హాల్లో సోఫా జరపాలి" అన్నాడు నాన్న.

1983 డిసెంబరులో ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందించినప్పుడు మన మెకానిక్‌లకి ఈ ఫ్లాటు కొత్త. అంబాసిడర్లు, ఫియట్లు అన్నీ వెనక చక్రాల బండ్లే. 2014లో ఆపేసేలోగా పాతిక లక్షలకి పైగా 800లు తయారయ్యాయి. తమాషా ఏమిటంటే ఇదే ఇంజిన్‌ని ఓమ్నీ వ్యాన్‌లో ముందు సీట్ల కింద పెట్టి వెనక చక్రాలు తిప్పించారు.

మొదటి రోజు బ్యాటరీ వైర్లతో మొదలు. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్. తర్వాత రేడియేటర్ నీళ్లు, ఇంజిన్ ఆయిలు, గేర్ ఆయిలు దించేశాం. గేర్ ఆయిలు ఎందుకంటే, చక్రాలకి వెళ్లే షాఫ్టులు గేర్‌బాక్సులోంచి లాగగానే ఆ కన్నాల్లోంచి మొత్తం కారిపోతుంది. కూలెంట్ కలిసిన నీళ్లు మాత్రం నాన్న మూత ఉన్న డబ్బాలో పట్టించాడు. అది తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయట, నాకితే బతకవట. మా వీధి కుక్క గేటు దగ్గరే పడుకుని ఉంది.

పెట్రోలు పైపు ఊడదీసి దాని మూతికి బోల్టు బిగించాం. తులసికోట కారుకి నాలుగడుగుల దూరంలోనే ఉంది. "పని అయ్యేదాకా దీపం ఇంట్లోనే పెట్టు" అని నాన్న అంటే అమ్మకి కోపం వచ్చింది. "మీ ఇంజిన్ కోసం తులసమ్మ చీకట్లో ఉండాలా?" అంటూనే దీపం దేవుడి గదిలో పెట్టింది.

తర్వాత మూడు రోజులూ విడదీయడమే. యాక్సిలరేటర్ కేబులు, చోకు, క్లచ్, స్పీడోమీటర్ కేబులు, గేరు రాడ్డు, రేడియేటర్ గొట్టాలు, సైలెన్సర్ పైపు. ఆల్టర్నేటర్‌కీ స్టార్టర్‌కీ వెళ్లే వైర్లు. ప్రతి వైరుకీ, అది ఊడిన చోటికీ ఒకే అక్షరం రాసిన టేపు చుట్టాను. అ నుంచి మొదలుపెడితే ట దాకా వచ్చింది. మావాడు ప్రతిదానికీ ఫోన్‌లో ఫోటో తీశాడు. "మంచిదే గానీ ఫోటో బోల్టు పొడుగు చెప్పదురా" అని నాన్న అట్టముక్క తెప్పించాడు. ఆ భాగం బొమ్మ గీసి, ఏ కన్నంలోని బోల్టు ఆ కన్నం దగ్గరే గుచ్చమన్నాడు. పెద్దవి అమ్మ దాచుకున్న ఐస్‌క్రీమ్ డబ్బాల్లోకి వెళ్లాయి.

అప్పుడర్థమైంది, ఈ పనిలో బలం వాటా చాలా తక్కువని. బిగుసుకున్న నట్టుకి రాత్రి నూనె పోసి వదిలేస్తే పొద్దున దానికదే మాట వింటుంది. పానా అంచు జారుతోందంటే ఆగి రింగ్ పానా తేవాలి. నాన్న కుర్చీలో కూర్చుని చప్పుడు వింటూ చెప్పేవాడు. "అది పన్నెండు కాదు, పది నంబరు." "ఇప్పుడు వదులైంది, చేత్తో తిప్పు."

రెండో రోజు మధ్యాహ్నం కార్బురేటర్ నట్టు ఒకటి నాకు అందలేదు. నాన్న కుర్చీలోంచి లేచి, తువ్వాలు పక్కన పడేసి, చెయ్యి లోపలికి పెట్టాడు. ఊరికే ఉన్నప్పుడు వణికే ఆ చెయ్యి నట్టు దొరకగానే నెమ్మదించింది. తర్వాత డాక్టర్‌ని అడిగాను. ఈ జబ్బులో చాలామందికి అంతేనట, చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడే వణుకు ఎక్కువట. పనితో జబ్బు తగ్గదు. వేళ్లు నెమ్మదిగానే కదిలాయి, మూడు నిమిషాలు పట్టింది. కానీ నట్టు తీసింది ఆయనే. దాన్ని అరచేతిలో పెట్టుకుని అమ్మకి చూపించాడు.

నాలుగో రోజు షాఫ్టులు. బండి ముందు భాగం జాకీతో లేపి, కింద రైలు పట్టాల కింద వేసేలాంటి మందపాటి చెక్కలు పెట్టాం. ఇటుకలు పెట్టనివ్వలేదు. ఇటుక చెప్పకుండా పగులుతుందట. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద తల పెట్టకూడదన్న మాట ఆ రోజు పదిసార్లయినా అని ఉంటాడు. చక్రం తీసి, కింద ఆర్మ్ బాల్ జాయింటు ఊడదీసి, హబ్బుని బయటికి లాగి పట్టుకుంటే, గేర్‌బాక్సు దగ్గర టామీ రాడ్డుతో ఒక్క ఎత్తు ఎత్తాలి. లోపల చిన్న రింగు పట్టుకుని ఉంటుంది. టక్కున ఊడి వచ్చింది. రెండో వైపూ అంతే. షాఫ్టు రెండో చివర హబ్బులోనే ఉంచి, ఊడిన చివరలు తీగతో కట్టి, బాల్ జాయింట్లు మళ్లీ బిగించి, చక్రాలు ఎక్కించి, బండిని నేలకి దించాం. "ఇంజిన్ పైకి లేచాక మనం జరపాల్సింది బండిని. వేలాడే బరువుని జరపకూడదు" అన్నాడు. కొన్ని ముందు చక్రాల కార్లలో ఇంజిన్ కిందికే వస్తుంది, బండిని పైకి లేపాలి. మాది పైకి తీసే రకం కావడం మా అదృష్టం.

ఎత్తడానికి ఏం కట్టాలి అన్నప్పుడు మావాడు పోర్టికో స్లాబు కొక్కెం చూపించాడు. నాన్న వద్దన్నాడు. ఉయ్యాలకి వేసిన కొక్కెం ఇంజిన్‌కి కాదు. బోర్లలోంచి మోటార్లు తీసే మేస్త్రి దగ్గర్నుంచి మూడు కాళ్ల ఇనప స్టాండూ, చైన్ బ్లాకూ ఒక పూటకి అద్దెకి తెచ్చాం. ఇంజిన్ కొక్కేలకి గొలుసు వేసి, బరువు గొలుసు మీదికి వచ్చాక మౌంటింగ్ బోల్టులు తీశాం. గోడ మీదుగా పక్కింటి పిన్నిగారు, రోడ్డు మీద క్రికెట్ ఆపేసిన పిల్లలు, అందరూ ప్రేక్షకులే.

"ఒక అంగుళం లేపు. ఆగు. చుట్టూ చూడు" అన్నాడు నాన్న.

మావాడు గొలుసు లాగాడు. ఆగాం. నేను ఒక చుట్టు తిరిగి చూశాను. బిగుసుకున్న గొట్టం గానీ, వంగుతున్న కేబులు గానీ ఉంటే ఆ అంగుళంలోనే తెలుస్తుంది. మళ్లీ ఒక అంగుళం. మళ్లీ చూడటం. గేర్‌బాక్సు వైపు కాస్త కిందికి వంచి, నేను చేత్తో దారి చూపిస్తుంటే, అరగంటకి ఇంజిన్ బానెట్ చోటు దాటి గాల్లోకి వచ్చింది. అందరం కలిసి కారుని వెనక్కి నెట్టాం. ముందున్న బరువు పోయేసరికి కారు మూతి పైకి లేచింది, బడి వదిలాక పిల్లాడు సంచి దించేసినట్టు.

ఇంజిన్‌ని పాత టైరు మీదికి దించాక నాన్న దాని పక్కన పీట వేసుకుని కూర్చుని, కిరసనాయిలు గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

హెడ్డు విప్పి, బ్లాకుని ఆటోలో విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాం. అర మిల్లీమీటరు బోరింగ్ చేయాలన్నారు. సిలిండర్ వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 72, సిలిండర్లు మూడు. తిరుగు ప్రయాణంలో లెక్క కట్టాను. పాత కొలత 796 సీసీ, కాగితం మీద ఉన్నదే. వ్యాసం 69 అయితే దాదాపు 808. "నాన్నా, ఇన్నాళ్లూ మనది 800 అన్నది పేరుకే. ఇప్పుడు నిజంగా 800 దాటింది" అన్నాను. ఆటో వాడు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. పదో తరగతి పిల్లలకి సిలిండర్ ఘనపరిమాణం నేర్పేది ఇక ఆ బ్లాకు కథతోనే.

బిగించడానికి ఇంకో పది రోజులు పట్టింది. ట నుంచి అ దాకా వెనక్కి వచ్చాం. అట్టల మీద, డబ్బాల్లో ఒక్క బోల్టు మిగల్లేదు. స్టార్ట్ చేసినప్పుడు నాన్న పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. వెనక పొగ లేదు. "సరే" అన్నాడు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద మెప్పు లేదు.

మొత్తం ఖర్చు పద్నాలుగు వేలు దాటలేదు. తమ్ముడికి ఫోన్ చేసి చెబితే, "అయినా అమ్మితే అంత రాదక్కా" అన్నాడు. నిజమే, రాదు. తర్వాతి ఆదివారం మాత్రం వచ్చి, కారు బానెట్ ఎత్తి చాలాసేపు నిలబడ్డాడు. "ఈ వైరు మీద 'ఛ' అని ఎవరు రాశారు?" అని అడిగాడు. "మీ అక్క" అన్నాడు నాన్న. కుడి చెయ్యి కుర్చీ మీద వణుకుతూనే ఉంది. తువ్వాలు భుజం మీద ఉంది.

ఫిట్‌నెస్ అయింది. ఆర్‌సీ కాగితం వచ్చిన రోజు నాన్న కళ్లజోడు పెట్టుకుని తేదీ రెండుసార్లు చదివాడు. 2029 దాకా.

"అప్పటికి నాకు ఎనభై ఒకటి" అన్నాడు. కాసేపాగి, "ఆలోగా టైమింగ్ బెల్టు ఒకసారి మార్చాలి. రాసుకో" అన్నాడు.

రాసుకున్నాను.