ఎం.బి.ఎ. చదువు - నిమ్మతోట లెక్క



వేసవిలో డిగ్రీ ఆఖరి పరీక్షలు ముగిసిన తరువాత నకిరేకల్ చుట్టుపట్ల గ్రామములలోని తలిదండ్రులు మమ్ములను తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "అయ్యగారూ, పిల్లగాడు ఎంబీఏ చదువుతనంటుండు. చదివించాల్నా, వద్దా?" మేము చదివినది దైవశాస్త్రములో డిప్లొమా మాత్రమే. వ్యాపార నిర్వహణ మా చదువు కాదు. అయినను ఇంటిలో మొదటిసారి డిగ్రీ చూచిన కుటుంబములకు అడుగుటకు వేరొకరు లేరు. వారు అడుగునది చదువును గూర్చి మాత్రమే కాదు. ఆ ప్రశ్న వెనుక ఒక ఎకరము భూమియో, తల్లి మెడలోని బంగారమో ఉండును. గనుక మాకు తెలియదని చెప్పి పంపివేయుటకు మనసొప్పలేదు. కొన్ని సంవత్సరములుగా విచారించి తెలిసికొనిన సంగతులను, మా సంఘములో కన్నులార చూచిన సంగతులను ఈ నెల మీ ముందు ఉంచుచున్నాము.

ఈ చదువు ఏమిటి?

ఎం.బి.ఎ. అనగా డిగ్రీ తరువాత చదువు రెండు సంవత్సరముల వ్యాపార నిర్వహణ చదువు. 1908లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయము ఈ పట్టముతో పాఠశాలను తెరచినది. మన దేశములో 1949లోనే జెంషెడ్‌పూర్‌లో జెసూయిట్ ఫాదర్లు ఎక్స్.ఎల్.ఆర్.ఐ. అను సంస్థను స్థాపించిరి. దాని పేరులోనే కార్మిక సంబంధములు అను మాట ఉన్నది. 1961లో కలకత్తాలోను అహమ్మదాబాదులోను ఐ.ఐ.ఎం.లు వచ్చినవి. హైదరాబాదులో 2001లో ఐ.ఎస్.బి., విశాఖపట్నములో 2015లో ఐ.ఐ.ఎం. వచ్చినవి.

తరగతిలో చెప్పునదేమనగా: లెక్కలు వ్రాయుట, ధర ఎందుకు పెరుగునో ఎందుకు తగ్గునో తెలిసికొనుట, సరకు అమ్ముట, మనుష్యులతో పని చేయించుట, అప్పు తెచ్చి తిరిగి తీర్చుట. మొదటి సంవత్సరము అన్నియు చదువుదురు. రెండవ సంవత్సరములో ఫైనాన్సు, మార్కెటింగు, హెచ్.ఆర్. వంటి వానిలో ఒకదానిని ఎన్నుకొందురు. చివరకు ఒక ప్రాజెక్టు వ్రాయవలెను.

ఈ మాట విని మా సంఘపు పెద్ద ఒకాయన, "గింతేనా అయ్యగారూ? గిది మా అవ్వ సదువు లేకుంటనే చేసింది గద!" అనెను. ఆయన మాటలో నిజమున్నది. మన తెలంగాణలోనే ముల్కనూరు అను గ్రామమున్నది. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు అక్కడ సహకార సంఘమును ఆరంభించిరి. రైతులు కలిసి అప్పు తెచ్చుకొనుట, కలిసి ఎరువులు కొనుట, కలిసి పంట అమ్ముట నేర్చుకొనిరి. ఆ సంఘము పేరు దేశమంతట వినబడినది. వారిని నడిపించినది పట్టము కాదు, లెక్కలో నమ్మకత్వము. అయితే ఆ పెద్దాయనకు మేము ఒక మాట చెప్పితిమి: "అవ్వ చేసిన లెక్క అవ్వతోనే పోయింది గద. కాగితము మీద పెట్టి నలుగురికి నేర్పుటకే ఈ చదువు." ఆయన నవ్వి ఊరకుండెను.

పెద్ద పేర్లను చూచి పరుగెత్తవద్దు

యౌవనస్థులు మాతో మాటలాడునప్పుడు సత్య నాదెళ్ల గారి పేరు, శంతను నారాయణ్ గారి పేరు చెప్పుదురు. ఇద్దరును హైదరాబాదులో పుట్టినవారే, ఇద్దరును ఎం.బి.ఎ. చదివినవారే. మంచిదే. అయితే వారి మార్గమును సరిగా చూడవలెను. నాదెళ్ల గారు 1988లో మణిపాల్‌లో ఇంజనీరింగు ముగించి, అమెరికాలో కంప్యూటర్ సైన్సు చదివి, 1992లో మైక్రోసాఫ్టులో చేరిరి. ఉద్యోగము చేయుచునే 1997లో చికాగో విశ్వవిద్యాలయము నుండి ఎం.బి.ఎ. పొందిరి. 2014లో ఆ సంస్థకు అధిపతి అయిరి. నారాయణ్ గారును ఉస్మానియాలో ఇంజనీరింగు చదివినవారే. 1993లో బర్క్లీలో ఎం.బి.ఎ. ముగించి, 2007లో అడోబి సంస్థకు అధిపతి అయిరి. చేతిలో ఒక విద్య ముందే ఉన్నది, దాని మీద ఈ చదువు వచ్చి కూర్చున్నది. పునాది లేని ఇంటికి పై అంతస్తు కట్టలేము గదా!

మా సంఘములోని ఒక యౌవనస్థుని సంగతి చెప్పెదము. బి.ఎస్‌సి. అయిన తరువాత స్నేహితులందరు చేరుచున్నారని తానును ఒక ప్రైవేటు కళాశాలలో ఎం.బి.ఎ.లో చేరెను. ఉమ్మడి రాష్ట్రములో 2008-09 నుండి ఫీజు రీయింబర్సుమెంటు పథకము వచ్చిన తరువాత మన జిల్లాలలో ఇట్టి కళాశాలలు అనేకము లేచినవి. సీటు దొరకుట సులభమైనది. "సర్కారే కడ్తది" అని తండ్రి నిశ్చింతగా ఉండెను. అయితే హాస్టలు, బస్సు, పుస్తకములు, పరీక్ష ఫీజు, ప్రాజెక్టు ఖర్చు ఇవన్నియు ఇంటి మీదనే పడినవి. తండ్రి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చెను. చదువు ముగిసిన తరువాత ప్రభుత్వపు సొమ్ము ఇంకను రాలేదని కళాశాలవారు సర్టిఫికెట్లు ఆపిరి. దాని కొరకు మరల అప్పు చేసిరి.

ఆ తరువాత హైదరాబాదులో క్రెడిట్ కార్డులు అమ్ము ఉద్యోగము దొరకెను. నెలకు ఇన్ని కార్డులు అని టార్గెటు. అది నిండని నెలలో జీతము సగమే. మూడు సంవత్సరములు అట్లు గడిపి, ఇప్పుడు ఒక పత్తి మిల్లులో లెక్కలు చూచుచున్నాడు. అతడు మాతో చెప్పిన మాట మేము మరువలేము. "అయ్యగారూ, సదువు చెడ్డది కాదు. నేనే ఎందుకు సదువుతున్ననో తెల్వకుంట సదివిన." ఆ పిల్లవాడు అప్పు తీర్చుటకు పట్టిన కాలము అతడు చదివిన కాలము కంటె ఎక్కువ.

ఒక బిడ్డ, ఒక నోటుబుక్కు

రెండవ సంగతి ఒక నిమ్మ రైతు కుమార్తెది. మన నకిరేకల్ నిమ్మ మార్కెట్టు మీకందరికి తెలిసినదే. ఆ రైతుకు రెండెకరముల తోట. బిడ్డ బి.కాం. ముగించి ఎం.బి.ఎ. చదువుదునని పట్టుబట్టెను. హైదరాబాదులో ఒక కళాశాల పేరు ఎవరో చెప్పిరి. దానికి తోట తాకట్టు పెట్టవలసి వచ్చునని తండ్రి మా యొద్దకు వచ్చెను. తల్లి భయము వేరు. "ఇంకా సదివిస్తే అంతకు మించిన పిల్లగాన్ని తేవాలె. గంత కట్నం యాడికెల్లి తేవాలె అయ్యగారూ?" అని కన్నీరు పెట్టుకొనెను.

మేము ఆ తల్లితో, "అమ్మా, కట్నము లెక్కను చదువు లెక్కలో కలుపవద్దు. కట్నము అడుగు ఇంటికి బిడ్డను ఇచ్చు తొందర మనకు లేదు" అని చెప్పితిమి. ఆ మాట చెప్పుట సులభము. ఊరిలో దాని మీద నిలువబడుట ఎంత కష్టమో మాకును తెలియును. తరువాత బిడ్డను, "ఎందుకు చదువవలెనని ఉన్నదమ్మా?" అని అడిగితిమి. ఆమె మారు మాట చెప్పక ఒక నోటుబుక్కు తెచ్చి చూపెను. మూడు సంవత్సరములుగా తండ్రి అమ్మిన ప్రతి బస్తా అందులో వ్రాసియున్నది. ఆ దినపు ధర, తరుగు, కమీషను, హమాలీ, ఆటో కిరాయి, కోత కూలి. "ఎండకాలం రేటుంటది, వానకాలం కోత కూలి గూడ ఎల్లది. నాయిన రెండు దినాలకోసారి ఒక్కడే ఆటో కట్టుకొని పోతడు. ఇదంత ఎట్ల మార్చాల్నో నాకు నేర్చుకోవాలని ఉన్నది" అనెను.

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునను ఉపమానము మనమందరము ఎరిగినదే. ఆ నోటుబుక్కు చూచిన తరువాత మాకు సందేహము లేకపోయెను. చదివించవలెను, అయితే తోట కదలకూడదు. మన నల్లగొండలోనే 2007లో స్థాపించబడిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమున్నది. అందులో ఎం.బి.ఎ. ఉన్నది. ఇంటి నుండి బస్సులో పోయి రావచ్చును. 2023 డిసెంబరు నుండి మహాలక్ష్మి పథకము క్రింద ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడపిల్లలకు టికెట్టు లేదు. హాస్టలు ఖర్చు, బస్సు ఖర్చు రెండును తప్పినవి.

ఆ బిడ్డ ఒక సంవత్సరము ఇంటనే ఉండి, తోట పనికి పోవుచు, 2024లో ఐసెట్ పరీక్ష వ్రాసెను. సీటు వచ్చెను. రెండవ సంవత్సరపు ప్రాజెక్టు నిమ్మ అమ్మకముల మీదనే తీసికొనెను. తండ్రి లెక్కలు చూచి, ప్రక్క పొలముల రైతులు ముగ్గురితో మాటలాడి, నలుగురి బస్తాలు ఒకే బండిలో మార్కెట్టుకు పంపు ఏర్పాటు చేయించెను. కిరాయి నాలుగు భాగములైనది. పెద్ద సంగతి కాకపోవచ్చును. అయితే ఆ తండ్రి మాతో, "బిడ్డ సదువు ఇంట్లకొచ్చింది అయ్యగారూ" అనెను. మంచి ఉద్యోగము దొరకునో లేదో మేము చెప్పజాలము. తోట మాత్రము వారి చేతిలోనే ఉన్నది.

తెలిసికొనవలసిన సంగతులు

మన రాష్ట్రములో ఎం.బి.ఎ. ప్రవేశమునకు టి.జి. ఐసెట్ అను పరీక్ష ఉన్నది. 200 ప్రశ్నలు, 200 మార్కులు, రెండున్నర గంటల కాలము. ఆలోచనాశక్తికి 75, లెక్కలకు 75, భాషకు 50. తప్పు జవాబుకు మార్కులు తీసివేయరు. డిగ్రీలో 50 శాతము, రిజర్వేషను వర్గములకు 45 శాతము మార్కులు ఉండవలెను. 2025లో ఈ పరీక్షను నిర్వహించినది మన నల్లగొండ విశ్వవిద్యాలయమే.

మన కుటుంబములలో అనేకులకు వర్తించు బి.సి.-సి వర్గమునకు 1 శాతము రిజర్వేషను ఉన్నది. కులము, ఆదాయము ధ్రువపత్రములను కౌన్సెలింగు దినము వరకు ఆగక ముందే మీసేవలో తీసికొనుడి.

కళాశాలకు ఎ.ఐ.సి.టి.ఇ. అనుమతి ఉన్నదో లేదో చూచుకొనుడి. ఫీజు రీయింబర్సుమెంటు ఆలస్యమగునని ముందే లెక్కలో వేసికొనుడి. బకాయిల కొరకు 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు కొన్ని దినములు మూసివేసిరి. ప్రభుత్వమిచ్చు మొత్తమునకును కళాశాల ఫీజుకును తేడా ఉన్నచో అది ఇంటివారే కట్టవలెను.

అప్పు తప్పనిసరియైనచో వడ్డీ వ్యాపారి కంటె ముందు బ్యాంకును అడుగుడి. బ్యాంకుల విద్యాఋణ పథకములో 4 లక్షల వరకు భూమి పత్రములు తాకట్టు పెట్టనవసరము లేదు. చదువు ముగిసిన తరువాత ఒక సంవత్సరము వరకు వాయిదాలు మొదలు కావు.

ఇప్పటికే చిన్న ఉద్యోగములో ఉన్నవారు దానిని మానుకొననవసరము లేదు. 1982లో ఆరంభమైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయములోను, 1985లో ఆరంభమైన ఇగ్నోలోను దూరవిద్యలో ఎం.బి.ఎ. ఉన్నది. వ్యవసాయ డిగ్రీ చదివిన పిల్లలకు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 1996 నుండి వ్యవసాయ వ్యాపార నిర్వహణలో డిప్లొమా ఇచ్చుచున్నది. గుజరాతులోని ఆనంద్‌లో 1979లో పుట్టిన గ్రామీణ నిర్వహణ సంస్థ 2025లో త్రిభువన్ సహకారి విశ్వవిద్యాలయముగా మారినది. పాలు, పంట, సహకార సంఘములను నడుపుట నేర్పుటకే అది ఏర్పడినది. పల్లె బిడ్డలకు అది పరాయి చదువు కాదు.

తలిదండ్రులారా, పిల్లలు ఈ చదువు అడిగినప్పుడు కోపపడవద్దు, వెంటనే సంతకమును పెట్టవద్దు. మూడు ప్రశ్నలు అడుగుడి. ఇది చదివి ఏ పని చేయవలెనని ఉన్నది? మొత్తము ఖర్చు ఎంత, అందులో ఇంటి నుండి పోవునది ఎంత? రెండు సంవత్సరములు నీ కూలి లేకుండ ఇల్లు ఎట్లు నడచును? జవాబులు నోటితో కాదు, కాగితము మీద వ్రాసి ఇమ్మనుడి.

యౌవనస్థులారా, మీరును నాయనతో కలిసి కూర్చుండి ఈ సంవత్సరపు పంట లెక్క వ్రాయుడి. ఆ లెక్క వ్రాయుటకు ఓపిక ఉన్నవానికి ఎం.బి.ఎ. తరగతిలో కూర్చుండుటకును ఓపిక ఉండును. ఆ ఓపిక లేనియెడల మరియొక పని నేర్చుకొనుటలో సిగ్గు ఏమియు లేదు. ఐసెట్ దరఖాస్తు గడువు ముగియక మునుపే ఆ కాగితము సిద్ధము చేసికొనుడి.