తాతయ్యతో శ్రీహరికోటకు...

2024 జనవరి 1. సూళ్లూరుపేట దాటగానే రోడ్డుకి రెండువైపులా పులికాట్ సరస్సు. మనవరాలికి కొత్త సంవత్సరం సెలవు. తాతయ్యకి ఎప్పుడూ సెలవే. నాన్న సంతకం చేయని ప్రోగ్రెస్ కార్డు సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

''తాతయ్యా, ఆ కొంగలు గులాబీ రంగులో ఉన్నాయేంటి?''

''అవి ఫ్లెమింగోలమ్మా. తినే నాచులోనూ, బుల్లి బుల్లి రొయ్యల్లోనూ ఉండే రంగే ఈకలకి పడుతుంది. పుట్టినప్పుడు బూడిదరంగే.''

రిటైరైనా సైన్సు మాస్టారి గొంతు మారలేదు.

షార్ గ్యాలరీలో మాత్రం మనవరాలే టీచరు. ఎగరబోయేది పీఎస్ఎల్‌వీ-సి58 అనీ, అందులోని ఎక్స్‌పోశాట్ కృష్ణబిలాల దగ్గర పుట్టే ఎక్స్ కిరణాల్ని పరిశీలిస్తుందనీ గడగడా చెప్పేసింది.

అంతా విని ఆయన సముద్రం వైపు చెయ్యి చూపించాడు.

''1979 ఆగస్టు 10న ఇక్కణ్నుంచే లేచిన ఎస్ఎల్‌వీ-3 ఈ బంగాళాఖాతంలోనే పడిపోయింది. మళ్లీ కట్టారు. 1980 జులై 18న మరో ఎస్ఎల్‌వీ-3 రోహిణిని కక్ష్యలో పెట్టింది.''

అమ్మాయి మాట్లాడలేదు.

సరిగ్గా 9.10కి ముందు వెలుగు... ఆ తర్వాతెప్పటికో ఉరుములాంటి చప్పుడు.

''వెలుగొచ్చాక చప్పుడు రావడానికి టైం పడుతుంది'' అన్నాడాయన.

తిరుగు దారిలో, సరస్సు మధ్యలో ఉండగా ఆమె నోరు విప్పింది.

''లెక్కల్లో తప్పాను తాతయ్యా.''

''ఎక్కడ తప్పావు?''

''బీజగణితం.''

''సాయంత్రం పుస్తకం పట్టుకురా. నాన్నకి మాత్రం నువ్వే చెప్పు. నేను పక్కనుంటాను.''

ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగింది. ఈసారి బూడిదరంగు పిల్లల కోసం వెతుకుతోంది!