రేసు గుర్రాన్ని గల్లీలో కట్టేస్తే

లాల్‌దర్వాజాలో మా గల్లీకి రెండు రూల్స్ ఉన్నాయి. ఒకటి: రెండు కార్లు ఎదురుపడితే చిన్న కారు వెనక్కి పోవాలి. రెండు: ఏది చిన్న కారో తేల్చేది పక్కింటి అంకుల్. ఆయన లుంగీ ఎగ్గట్టుకుని గేటు బయటికి వచ్చి, "నువ్వు పో రా" అన్నాడంటే ఇక అప్పీల్ లేదు.

మూడున్నరేళ్లు నేను ఈ గల్లీలో హోండా సిటీ నడిపాను. పొడవు 4,440 మిల్లీమీటర్లు. మా మలుపు దగ్గర అది ఒక్కసారిలో తిరగదు. ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు. అద్దాలు మడిచి, ఊపిరి బిగబట్టి, వెనక పిల్లలెవరైనా ఆడుతున్నారా అని చూసుకుంటూ మెయిన్ రోడ్డు ఎక్కేసరికి ఆఫీసు మీటింగ్ సగం అయిపోయినంత అలసట.

అయినా ఆ కారంటే ప్రాణం. ఉద్యోగంలో కాస్త నిలదొక్కుకున్నాక 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. 2014 మోడల్, 1,497 సీసీ పెట్రోల్ ఇంజన్. 119 పీఎస్ పవర్ వస్తుంది, కానీ 6,600 ఆర్‌పీఎం దగ్గర. 145 న్యూటన్ మీటర్ల టార్క్ వస్తుంది, అదీ 4,600 దగ్గర. అర్థమైంది కదా? తొక్కితేగానీ పలకని ఇంజన్ అది. ముల్లు నాలుగు వేలు దాటాక దాని గొంతే మారిపోతుంది.

ఆ గొంతు కోసమే ఆదివారం తెల్లారి ఐదున్నరకు లేచేవాణ్ని. ఆరాంఘర్ మీదుగా శంషాబాద్ వైపు పోయి, ఔటర్ రింగ్ రోడ్ ర్యాంపు ఎక్కుతూ సెకండ్ గేర్‌లో ఒక్క తొక్కు తొక్కితే... అంతే. వారం రోజుల స్టాండప్ కాల్స్ అన్నీ చెవుల్లోంచి దిగిపోయేవి.

సమస్య మిగతా ఆరు రోజులది.

లాగ్ చూస్తే తెలిసింది

సాఫ్ట్‌వేర్ వాణ్ని కాబట్టి డేటా చూడకుండా ఉండలేను. స్టీరింగ్ కింద ఉండే పోర్టుకి ఓ చిన్న బ్లూటూత్ డాంగిల్ పెట్టి, రెండు వారాలు ఇంజన్ స్పీడ్ ఫోన్‌లో రికార్డ్ చేశా.

నా రూటు ఇది. లాల్‌దర్వాజా నుంచి షాలిబండ మెయిన్ రోడ్డు. చార్మినార్ చుట్టూ బండ్లు పోనివ్వరు కాబట్టి హిమ్మత్‌పురా దగ్గర ఎడమకు తిరిగి ఫతే దర్వాజా, దూద్‌బౌలి, హుస్సేనీ ఆలం, పురానాపూల్. మూసీ దాటి కార్వాన్, టోలీచౌకి, 2022 జనవరి 1న తెరిచిన షేక్‌పేట్ ఫ్లైఓవర్, అక్కణ్నుంచి గచ్చిబౌలి.

మూసీ దాటేదాకా ముల్లు 2,500 దాటిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంటే నేను డబ్బు పెట్టి కొన్న పవర్ 4,600 పైన మేడ మీద కూర్చుని ఉంటే, నేను రోజూ కింద గుమ్మం దగ్గరే తిరుగుతున్నా.

ఈ దారులు వేసినప్పుడు కార్లే లేవు మరి. పాత హైదరాబాద్ చుట్టూ గోడ, ఆ గోడకి పదమూడు దర్వాజాలు ఉండేవి. ఇప్పుడు నిలబడి ఉన్నవి రెండే: దబీర్‌పురా, పురానాపూల్. ఫతే దర్వాజా, అలియాబాద్ దర్వాజా, మా లాల్‌దర్వాజా... ఇవన్నీ ఇప్పుడు పేర్లే. పురానాపూల్ వంతెన కట్టింది 1578లో, అంటే 1591 నాటి చార్మినార్ కంటే ముందే. పల్లకీలు, గుర్రాలు, ఎడ్లబండ్లు పోవడానికి సరిపోయిన సందుల్లో ఇప్పుడు ఆటోలు, బుల్లెట్లు, వాటర్ ట్యాంకర్లు, నా సిటీ.

ఆ లాగ్ గురించి మా ఏరియా మెకానిక్ చచ్చాకి చెబితే నవ్వాడు. ముప్పై ఏళ్లుగా షాలిబండలో స్పానర్ పట్టుకున్న మనిషి. "సాబ్, రేస్ కా ఘోడా లాకే గల్లీ మే బాంధ్ దియే ఆప్" అన్నాడు. మలక్‌పేట్ రేసు గుర్రాన్ని తెచ్చి లాల్‌దర్వాజా గల్లీలో కట్టేశానన్నమాట. మరి నాకేం కావాలి అనడిగితే ఒకే ముక్క చెప్పాడు. "బైల్." ఎద్దు.

ఎద్దు వచ్చింది

ఆ ఎద్దు ఫోర్డ్ ఫిగో డీజిల్. 2017 మోడల్. 2024 చివర్లో సిటీ అమ్మి ఇది కొన్నా. ఫ్రెండ్స్ అందరూ ఒకటే ప్రశ్న: "కంపెనీయే 2021లో ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నామని చెప్పింది, నువ్వు ఇప్పుడు కొంటున్నావా?" నిజమే. కానీ చచ్చా పార్టుల సంగతి తను చూసుకుంటానన్నాడు. పాతబస్తీలో అంతకు మించిన వారంటీ లేదు.

రెండు కార్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫిగో ఇంజన్ 1,498 సీసీ. సిటీ కంటే ఒక్క సీసీ ఎక్కువ. పవర్ 100 పీఎస్, అంటే 19 తక్కువ. కానీ టార్క్ 215 న్యూటన్ మీటర్లు. అసలు విషయం అది ఎక్కడ వస్తుందన్నది: 1,750 నుంచి 3,000 ఆర్‌పీఎం మధ్య. నా లాగ్‌లో నేను రోజంతా తిరిగే చోటు సరిగ్గా అదే, దానికి కాస్త కింద.

ఎందుకిలా? పెట్రోల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ నిప్పు పెడుతుంది. డీజిల్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని బాగా నొక్కేస్తే అదే కాగిపోతుంది, అందులోకి డీజిల్ చిమ్మగానే మండుతుంది. పైగా టర్బో. బయటికి పోయే పొగతోనే ఓ చిన్న ఫ్యాన్ తిరిగి, ఇంకా ఎక్కువ గాలిని లోపలికి తోస్తుంది. అందుకే తక్కువ వేగంలోనే అంత లాగుడు.

మొదటి రోజే దాన్ని ఫలక్‌నుమా తీసుకెళ్లా. షాలిబండ నుంచి అలియాబాద్, శంషీర్‌గంజ్ మీదుగా పోతే ఫలక్‌నుమా రైల్వే బ్రిడ్జి వస్తుంది. సాయంత్రం ఆరింటికి ఆ ఎత్తు మీద బంపర్‌కి బంపర్ ఆనించి నిలబడతాయి బండ్లు. సిటీతో అక్కడ నాకు ఎప్పుడూ భయమే. హాఫ్ క్లచ్, హ్యాండ్‌బ్రేక్, వెనక ఆటోవాడి హారన్, క్లచ్ ప్లేట్ కాలిన వాసన. ఫిగోలో బ్రేక్ వదిలి, క్లచ్ మెల్లగా వదిలా. యాక్సిలరేటర్ మీద కాలు దాదాపు పెట్టనే లేదు. కారు తనంతట తను ఎక్కేసింది. మూట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కే హమాలీలా, గొడవ లేకుండా.

బ్రిడ్జి మీంచి కొండ మీద ఫలక్‌నుమా ప్యాలెస్ కనిపిస్తోంది. నాకు మాత్రం ఆ ఇరవై అడుగుల ఎత్తే కొండెక్కినంత ఆనందం.

మా గల్లీ మలుపు? వెడల్పు రెండు కార్లదీ ఒకటే, 1,695 మిల్లీమీటర్లు. కానీ ఫిగో పొడవు 3,886. అర మీటర్ కంటే ఎక్కువే తగ్గింది. ఒక్కసారిలో తిరిగింది. అంకుల్ గేటు దగ్గర నిలబడి చూసి, పని లేక లోపలికి వెళ్లిపోయాడు.

ఎద్దుకీ కొమ్ములుంటాయి

అంతా బాగుందని చెబితే అబద్ధం. క్లచ్ బరువు. హుస్సేనీ ఆలం దగ్గర పెళ్లి బరాత్ ఎదురైన రాత్రి ఎడమ మోకాలు ఏడ్చింది. 1,500 కింద టర్బో నిద్రలో ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దాటాక సోమరిగా సెకండ్ గేర్‌లోనే పోదామంటే మొరాయిస్తుంది, ఫస్ట్ వేయాల్సిందే.

2025 జనవరిలో జూపార్క్ నుంచి ఆరాంఘర్‌కి 4.08 కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచారు కదా, ఓ ఆదివారం పొద్దున దాని మీద పోతూ పాత అలవాటుతో గేర్ తగ్గించి తొక్కా. నాలుగు వేలకే ఊపిరి అయిపోయింది. పాట లేదు, దగ్గు మాత్రమే. ఆ క్షణం సిటీ గుర్తొచ్చి నిజంగా గొంతు పట్టేసింది.

ఇంటికొచ్చి ఎక్సెల్ తెరిచా, ఓదార్పు కోసం. నెలకి 1,000 కిలోమీటర్లు. సిటీ నాకు లీటర్‌కి 11 ఇచ్చేది, ఫిగో 17 ఇస్తోంది. పెట్రోల్ 107.41, డీజిల్ 95.65 చొప్పున వేస్తే 9,764 రూపాయలు ఎక్కడ, 5,626 ఎక్కడ? నెలకి 4,100 పైనే మిగులు. ఒకప్పుడు డీజిల్ ఇంకా చాలా చవక. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద ప్రభుత్వం నియంత్రణ ఎత్తేసింది. ఇప్పటి మిగులులో పెద్ద వాటా మైలేజీదే.

సరే, గెలిచానని అనుకున్నా. ఇంట్లో ఇంకో లెక్క నడుస్తోందని తెలీదు.

నానమ్మ కిటికీ

మా ఇంట్లో కింది గది నానమ్మది. ఆమె కిటికీ గల్లీలోకి తెరుచుకుంటుంది. కూరగాయల బండి, పాలవాడు, పోచమ్మ గుడికి పోయేవాళ్లు, బోనాలప్పుడు పోతరాజులు... ఆమె ప్రపంచమంతా ఆ కిటికీలోనే. నా కారు ఆగేది సరిగ్గా దాని కిందే.

ఫిగో వచ్చిన రోజు కిటికీలోంచే అంది. "గిదేం కారురా, ట్రాక్టర్ లెక్క మొత్తుకుంటది?" అందరం నవ్వాం.

డీజిల్ బండిని పొద్దున కొద్దిసేపు ఆన్‌లో పెట్టి వేడెక్కనివ్వాలని ఎవరో చెబితే విన్నా. రోజూ స్టార్ట్ చేసి, లోపలికెళ్లి, టిఫిన్ తిని, బ్యాగ్ సర్దుకుని వచ్చేవాణ్ని. ఏడెనిమిది నిమిషాలు. ఆయిల్ వేడెక్కుతోంది, టర్బో చల్లగా ఉంటుంది, నేను మంచి ఓనర్‌ని అనుకుంటూ.

నెలన్నర తర్వాత అమ్మ మామూలుగా అంది, ప్లేట్లు సర్దుతూ. "నీ బండి పోయేదాక నానమ్మ కిటికీ తెరుస్తలేదు. పొద్దుగాల దగ్గు ఎక్కువైంది."

నానమ్మకి ఆయాసం కొత్త కాదు. ఇన్‌హేలర్ తలగడ కిందే ఉంటుంది. కానీ నాకు ఒక్క మాట అనలేదు. మనవడు ఇష్టపడి కొనుక్కున్నాడని.

ఆ రాత్రి చదివింది నాకు ముందే తెలిసి ఉండాల్సింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే డీజిల్ పొగని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 రూల్స్ ప్రకారం డీజిల్ కారు కిలోమీటర్‌కి 4.5 మిల్లీగ్రాములకి మించి మసి వదలకూడదు. నాది 2017 కారు, బీఎస్ 4. దానికి ఆ పరిమితి 25. టార్క్ నంబర్లు పీఎస్‌తో సహా బట్టీ పట్టిన నేను ఈ నంబర్ ఒక్కసారి కూడా వెతకలేదు.

మర్నాడు చచ్చా దగ్గరికెళ్లి అడిగా, అంతసేపు వేడెక్కించాలా అని. తల పట్టుకున్నాడు. ఇప్పటి ఇంజన్లకి అర నిమిషం చాలట. స్టార్ట్ చేసి బయల్దేరడం, మొదటి రెండు కిలోమీటర్లు గట్టిగా తొక్కకపోవడం, అంతే. అంటే నానమ్మ కిటికీ కింద నేను కాల్చిన డీజిల్ కారుకి కూడా అక్కర్లేదు.

ఇప్పుడు కారు గల్లీలోకి రాదు. మెయిన్ రోడ్డు దగ్గర ఓ ఖాళీ స్థలంలో నెలకి 1,500 ఇచ్చి పెడుతున్నా. మిగులు 4,100 నుంచి 2,600కి దిగింది. పొద్దున ఐదు నిమిషాలు నడక. ఒక్కసారిలో తిరుగుతుందని మురిసిపోయిన ఆ మలుపు ఇప్పుడు కాళ్లతోనే తిరుగుతున్నా. పాతబస్తీ మెట్రోకి 2024 మార్చి 8న శంకుస్థాపన అయింది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా అది వచ్చిన రోజున ఈ ఎద్దుని కూడా చాలా రోజులు కట్టేసే ఉంచొచ్చు. అందాకా ఫలక్‌నుమా బ్రిడ్జి ఎక్కించడానికి అదే కావాలి.

మొన్న ఆఫీసుకి బయల్దేరుతుంటే కిటికీ తెరిచే ఉంది. నానమ్మ చేట ఒళ్లో పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ట్రాక్టర్ ఏదిరా, కనవడ్తలేదు?"

"రోడ్డు మీద పెట్టిన నానమ్మా."

"మంచిగుంది, ఆడనే ఉండనీ" అంది, కాయల మీంచి తలెత్తకుండానే.